కార్తీకం పట్టని పిల్లి

మొన్న మా మనవరాలి పిల్లికి జబ్బు చేస్తే బరంపురం లంజిపల్లిలోని పశువుల క్లినిక్‌కి తీసుకెళ్ళాం. మనవరాలు స్కూటరు నడిపింది, నేను వెనక కూర్చుని పిల్లి ఉన్న సంచి పట్టుకున్నాను. ఈ వయసులో నాకు స్కూటరు ఎందుకని మా కోడలు గొణిగింది కానీ, పిల్లి జబ్బుల విషయంలో ఈ ఇంట్లో నాకున్నంత అనుభవం ఎవరికీ లేదు. అక్కడ డాక్టరమ్మ పిల్లి నోరు తెరిచి చూసి, కడుపు నొక్కి చూసి, "ఇంట్లో ఏం తింది?" అని అడిగింది. మనవరాలు నా వైపు చూసింది. నేను మనవరాలి వైపు చూశాను. ఇంటికి ఫోన్ చేస్తే కోడలు పనమ్మాయిని అనుమానించింది, పనమ్మాయి పై వాటా వాళ్ళని అనుమానించింది. చివరికి అది మింగింది జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండని తేలింది. అదీ బయటపడింది, పిల్లీ కోలుకుంది.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే ప్రశ్న ఇదే బరంపురంలో, నేను పావడా కట్టుకుని తిరిగే రోజుల్లో, ఒక డాక్టరు మా నాయనమ్మను అడిగాడు. జవాబు దొరికేలోపల మా ఇంట్లో ఎవరి ముఖం ఎవరూ నేరుగా చూడలేని పరిస్థితి వచ్చింది.

అప్పటికి మమ్మల్ని మదరాసు నుంచి విడదీసి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపి కొన్నేళ్ళయింది. ఊరు ఉన్నచోటే ఉంది కానీ అరుగుల మీద పెద్దవాళ్ళ మాటలు మారిపోయాయి. కచేరీలో గుమస్తా పని ఆలస్యం చేసినా, బడికి కొత్త పంతులు వచ్చినా, ఆఖరికి వాన ఎక్కువైనా "అంతా కటకపోల్ల పనే" అనేవాళ్ళు మా వీధివాళ్ళు. కటకపోల్లంటే కటకం వైపు ఒడియా వాళ్ళు. అవతలి వీధి ఒడియా వాళ్ళు "అంతా తెలుగువాళ్ళ కుట్ర" అనుకునేవాళ్ళట. ఇద్దరూ ఒకే కొట్లో బెల్లం కొనేవాళ్ళు. ఒకరి భాష ఒకరు మాట్లాడేవాళ్ళు, ఒకరి తిట్లు ఒకరు అరువు తెచ్చుకునేవాళ్ళు. అనుమానం మాత్రం ఎవరిది వాళ్ళు విడిగా వండుకునేవాళ్ళు.

మాది ఎండుచేపల వ్యాపారం. తాతలు సముద్రం మీద వేటకెళ్ళిన వాళ్ళే. నాయనమ్మ కాపురానికి వచ్చాక, గోపాలపురం ఒడ్డున చేప కొని, ఇసుకలో ఎండబెట్టించి, ఎడ్లబండి మీద బరంపురం తెచ్చి అమ్మడం మొదలుపెట్టిందట. మా నాన్న కలకత్తాలో జనపనార మిల్లులో పనిచేసేవాడు, ఏడాదికోసారి కనిపించేవాడు. ఇంట్లో ఉండేది నాయనమ్మ, అమ్మ, చిన్నాన్న, నేను. వీధి వైపు కొట్టు, మధ్యలో సరుకు గది, వెనకాల మేము. మా ఇంట్లో దుప్పట్లకీ పుస్తకాలకీ దేవుడి పటాలకీ కూడా ఒకటే వాసన. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. సాయంత్రం అమ్మలు పంపితే ఆ పిల్లలే మా కొట్టుకు వచ్చి సావిడాయలనే పొడుగాటి ఎండుచేపలు పొట్లం కట్టించుకునేవాళ్ళు, అప్పుడు ముక్కులు బాగానే తెరుచుకునేవి. నాకా వాసన ఇప్పటికీ ఇష్టం. అమ్మ నెత్తళ్ళు వేయించి వంకాయతో పులుసు పెడితే, పొయ్యి దగ్గరే కంచం పెట్టుకుని కూర్చునేదాన్ని.

నాకు తోడుగా పిల్లి కూర్చునేది. బూడిద రంగు, ఒక చెవికి చిరుగు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. నాయనమ్మ నన్నూ గుంటా అనే పిలిచేది, పిల్లినీ గుంటా అనే పిలిచేది. "ఓలి గుంటా!" అని కేక పెడితే ఇద్దరం పరిగెత్తుకొచ్చేవాళ్ళం. పిలుపు తిండికయితే అది ముందుండేది, తిట్లకయితే నేనొక్కదాన్నే దొరికేదాన్ని. ఎలకల నుంచి సరుకు కాపాడటం దాని ఉద్యోగం. జీతం ఎవరినీ అడగకుండా బస్తాలోంచి తనే తీసుకునేది. "దొంగముండ, ఏ బస్తాలో మంచి సరుకున్నాదో నాకన్నా దానికే బాగా ఎరిక" అని నాయనమ్మ మురిసిపోయేది. నన్ను చూసి ఎప్పుడూ అంతగా మురిసినట్టు నాకు గుర్తు లేదు.

మా వ్యాపారానికి కార్తీకం గండం. ఒడియా వాళ్ళు ఆ నెలంతా చేప ముట్టరు. వాళ్ళ లెక్కలో నెల పున్నమితో ముగుస్తుంది, ఆ ఆఖరి అయిదు రోజులు మరీ కఠినం. వాటిని పంచుక అంటారు. ఆ రోజుల్లో కొంగ కూడా చేపను తినదని వాళ్ళ నమ్మకం. పున్నమి మర్నాడు ఛాడఖాయి. నెలంతా నోరు కట్టుకున్న ఊరు ఆ రోజు ఒక్కసారిగా చేపల మీద పడుతుంది. అందుకని కార్తీకమంతా సరుకు దాచి, పురుగు పట్టకుండా, ఈగ ముసరకుండా కాపాడుకోవాలి. ఏటా నాయనమ్మే ఆ పని చేసేది, వేపాకు పరిచి, మళ్ళీ ఉప్పు రాసి, ఎండ కాసినప్పుడల్లా బస్తాలు విప్పి. ఆ ఏడు మోకాళ్ళు పట్టేసి చిన్నాన్నకు అప్పగించింది.

మా తెలుగు ఇళ్ళలో కార్తీక సోమవారాలు తప్ప మిగతా రోజుల్లో చేప మామూలే. అలాంటిది ఆ ఏడు నెల సగంలో ఉన్నట్టుండి చిన్నాన్నకు భక్తి ముదిరింది. కంచంలో చేప ముక్క వేస్తే పక్కకు తోసి, "నాకొద్దొదినా, కార్తీకం" అన్నాడు. అమ్మ తెల్లబోయింది. నాయనమ్మ పకపకా నవ్వి, "ఏటిరా, వొడియాల పిల్లనేటైనా సూసుకున్నావేటి?" అని ఆటపట్టించింది. అప్పుడు అందరం నవ్వాం.

మా పెరటి గోడ అవతల ఒక ఒడియా ముసలావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. మేమంతా మౌసి అనేవాళ్ళం, అంటే పిన్ని. కార్తీకం నెలంతా ఆవిడ హబిష వ్రతం చేసేది. తెల్లవారుతూనే చన్నీళ్ళ స్నానం, తులసికోట చుట్టూ బియ్యప్పిండితో ముగ్గులు, మధ్యాహ్నం ఒక్కపూట మాత్రం కొత్త కుండలో వండుకున్న అన్నం, కంద, అరటికాయ. ఆ ముగ్గుల మీద నుంచి గెంతడం, తులసి దగ్గర పెట్టిన అరటిపండు మాయం చేయడం మా వీధి పిల్లల పని. మౌసికి తెలుసు. మర్నాటి నుంచి రెండు పళ్ళు పెట్టేది, దేవుడికొకటి, మాకొకటి.

పంచుక మొదలైన రోజున మా పిల్లి గోడ దూకి, ఆ కుండలో మూతి పెట్టింది. మౌసికి ఆ పూట పస్తు. గరిటె విసిరి, "ఈ బిలెయి చస్తేగానీ నాకు శాంతి లేదు!" అని వీధి వీధంతా వినపడేలా అరిచింది. బిలెయి అంటే పిల్లి. మేము గోడ ఇవతల నోళ్ళు మూసుకుని నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున కట్టెల వెనకాల పిల్లిని చూసింది నేనే. మీసాల దగ్గర నుంచి తోక దాకా వణుకుతోంది. దగ్గరికెళ్తే ఎగిరిపడింది. గిన్నె చప్పుడైతే మళ్ళీ ఎగిరిపడింది. లేవబోతే వెనక కాళ్ళు జారిపోతున్నాయి. నోటి చివర నురుగు. నేను పెట్టిన కేకకు నాయనమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి వచ్చింది. కాసేపు చూసి, గోడ వైపు తల తిప్పింది.

"ఇసం. ఎవులో ఇసం పెట్నారు" అంది.

ఎవరో అన్నదే గానీ ఆ ఎవరో ఎవరో మాకందరికీ తెలిసిపోయింది. నాయనమ్మ కొంగు నడుముకు దోపి, వీధి వైపు నుంచి వెళ్ళి మౌసి గుమ్మం ముందు నిలబడింది.

"ఏటి పెట్నావు నా పిల్లికి? కుండలో మూతెట్టిందని ఇసం కలిపీసినావా? కార్తీకం సేస్తన్నావు గదా, సిగ్గు నేదా నీకు?"

మౌసి తడి బట్టలతో బయటికి వచ్చింది. "నేనా? కార్తీకంలో చీమను కూడా తొక్కం మేము. నిన్న కోపమొచ్చి తిట్టాను, అవును. తిట్టడం వేరు, విషం పెట్టడం వేరు. మహాప్రభు జగన్నాథుడు చూస్తున్నాడు" అంది.

"సూస్తనే ఉంటాడు. నువ్వరిసినప్పుడు మేమూ ఇన్నాం."

అప్పటికే జనం చేరారు. మా వీధి ఆడవాళ్ళు నాయనమ్మ వెనక, ఒడియా ఆడవాళ్ళు మౌసి వెనక. ఒక్క పిల్లి మూలాన మా సందులో రెండు రాష్ట్రాలు నిలబడ్డాయి. "ఆళ్ళని నమ్మకూడదని నాను ముందే సెప్నాను" అని మా వైపు ఒకావిడ అంది. అవతలి వైపు నుంచి అలాంటి మాటే ఒడియాలో వచ్చింది. నాకు మౌసి మీద పట్టరాని కోపం వచ్చింది. అంతలోనే ముందురోజు తిన్న అరటిపండు గుర్తొచ్చి, కడుపు పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తి, నేను కూడా చచ్చిపోతానా అని అడిగాను.

తర్వాత మా ఇంట్లో పంచాయితీ మొదలైంది. అమ్మ ఆముదం పట్టిద్దామంది. ఎదురింటావిడ వచ్చి, పాత్రపూర్‌లో ఒక మంత్రగాడున్నాడనీ, గొడ్లకైనా పసిపిల్లలకైనా దెయ్యాలకైనా ఒకటే తాయెత్తుతో నయం చేస్తాడనీ చెప్పింది. చిన్నాన్న మాత్రం గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా అన్నాడు, "ఇసమూ కాదు, మంత్రమూ కాదు. పిచ్చెక్కినాది దానికి. సొంగ కారస్తంది, సూడరేటి? గుంటని కరిసిందంటే ఏటి సేస్తారు? సంచిలో ఎట్టి ఇయ్యండి, హల్దియాపదర్ అవతల తుప్పల్లో ఒగ్గేసి వచ్చేస్తాను."

"సచ్చిపోతాది గదరా" అంది నాయనమ్మ.

"మన సేతుల్లో సావదు గదా."

ఆ మాటతో అమ్మ చేతిలో ఆముదం గిన్నె ఆగిపోయింది. పిల్లిని చంపిన పాపం మామూలు పాపం కాదని మా వాళ్ళ భయం. బంగారంతో పిల్లిని చేయించి దానమిస్తే గానీ పోదంటారు. చిన్నాన్న ఆ భయాన్నే పట్టుకున్నాడు. మందు పోశాక చచ్చిపోతే ఆ పాపం ఎవరిది? పోసిన చేతిది కాదూ? అప్పటిదాకా తలా ఒక వైద్యం చెప్పిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతులు కొంగులో దాచుకున్నారు. పిల్లి మా మధ్య వణుకుతూ పడి ఉంది. దానికి ఏ మందు పొయ్యాలన్న మాట పోయి, ఎవరి చేత్తో పొయ్యాలన్న మాట మిగిలింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

నాయనమ్మ తెలివైనది. "సర్కారు గొడ్ల ఆస్పత్రి ఉన్నాది గదా. సర్కారోడి సేత్తోనే పోయిద్దాం. పాపమైతే సర్కారుకే పోతాది" అంది.

"ఆడు కటకపోడమ్మా. తెలుగోల్ల పిల్లంటే ఏటి సేస్తాడో ఏటో" అన్నాడు చిన్నాన్న. వెంటనే, "పోనీ, నానట్టుకెల్తాను, మీరుండండి" అన్నాడు.

అప్పుడు నాకు మొదటిసారి చిన్నాన్న మీద అనుమానం కలిగింది. కొట్టు ముందు ఎండు ఆకు పడితే కూడా నన్ను పిలిచి తీయించే మనిషి. పిల్లి బుట్ట మొయ్యడానికి ఇంత ఉబలాటం ఎందుకు? నాయనమ్మ ఒప్పుకోలేదు. చేపల బుట్టలో గోనె పరిచి, పిల్లిని పడుకోబెట్టి, పైన పాత చీర కప్పి, నన్ను వెంటబెట్టుకుని నడిచింది.

డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు. తెలుగు రాదు, మాకు ఒడియా వచ్చు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. నన్ను దూరంగా జరగమని, ఒక కర్రతో చీర తొలగించి చాలాసేపు చూశాడు. చప్పట్లు కొట్టి చూశాడు, నీళ్ళ గిన్నె దగ్గర పెట్టి చూశాడు. తర్వాత నాయనమ్మతో మెల్లగా చెప్పాడు. పిచ్చి అయితే దీనికి వైద్యం లేదు. ఎవరినీ కరవకముందే ఒక సూదితో బాధ లేకుండా చేసేయాలి, అదీ ఈ రోజే. విషమైతే ప్రయత్నం చేయవచ్చు, కానీ ఒక్కో విషానికి ఒక్కో రకం వైద్యం, తప్పు మందు పోస్తే అదే చంపుతుంది.

"ఇంట్లో ఏం తింది?" అని అడిగాడు.

"ఇంట్లో ఏమీ తినలేదు. పక్కింటావిడ పెట్టింది" అంది నాయనమ్మ ఒడియాలో.

"ఏం పెట్టింది?"

"అది ఆవిడకే తెలియాలి."

"అయితే వెళ్ళి ఆవిణ్ణి అడిగి రండి. సాయంత్రం ఆస్పత్రి మూసేలోపల రండి. తెలియకపోతే సూది ఒక్కటే దారి."

పిల్లిని అక్కడే ఉంచి వెళ్ళమన్నాడు. నాయనమ్మ వినలేదు. బయటికి రాగానే నా చెవిలో, "మనం ఇటు తిరగ్గానే సూది పొడిసేస్తాడు, నాకెరిక" అంది. బుట్ట నెత్తికెత్తుకుని మళ్ళీ ఇంటికి తెచ్చేసింది. దారిలో ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. తెల్లారి వీధిలో పడి తను తిట్టిన మనిషి దగ్గరికే మధ్యాహ్నం వెళ్ళి అడగాలి.

ఈసారి వీధి వైపు నుంచి వెళ్ళలేదు. పెరట్లో గోడ దగ్గర నిలబడి పిలిచింది. మౌసి చాలాసేపటికి వచ్చింది.

"దెబ్బలాటకి రాలేదు నాను. ఏటి పెట్నావో దాని పేరొక్కటి సెప్పు. ఈదిలో ఎవులికీ సెప్పను, మా గుంట మీద ఒట్టు. పేరు తెలిస్తే డాక్టరు మందిస్తానన్నాడు. నీ కాళ్ళట్టుకుంటాను."

మౌసి గోడ మీద చేతులు ఆనించి నిలబడింది. "పెట్టని విషానికి పేరు ఎక్కడి నుంచి తేను?" అంది. "ఏదో ఒక పేరు చెబితే నీ పిల్లి బతుకుతుందంటే, నేనే పెట్టానని చెప్పేస్తాను. ఏం పేరు చెప్పమంటావు, నువ్వే చెప్పు." అని, అక్కడే నిలబడి ఏడ్చింది.

"ఏడుపొకటి నేర్సుకున్నాది" అని గొణుక్కుంటూ నాయనమ్మ వెనక్కి తిరిగింది. నాకు మాత్రం ఆ ఏడుపు దొంగ ఏడుపులా అనిపించలేదు.

పిచ్చెక్కినది తిండి ముట్టదని ఎవరో అన్నారు. ముడుతుందో లేదో చూద్దామని, ఒక మంచి సావిడాయి తేవడానికి నాయనమ్మ సరుకు గదిలోకి వెళ్ళింది. నెల రోజులుగా ఆవిడ అందులో అడుగు పెట్టలేదు. నేనూ వెనకే వెళ్ళాను. ఒక బస్తా మూతి విప్పి, చెయ్యి లోపల పెట్టబోయి, ఆగిపోయింది. గదంతా కలయజూసింది.

"గుంటా, ఈగలేయే?"

నిజమే. ఎండుచేప ఉన్నచోట ఈగ ఉంటుంది. ఎంత ఉప్పు రాసినా, ఎంత వేపాకు వేసినా నాలుగైనా ఉంటాయి. ఆ గదిలో ఒక్కటి లేదు. ఉన్నవి గోడ వారగా చచ్చి పడి ఉన్నాయి, నల్లగా, చీపురుతో ఊడ్చి కుప్ప పెట్టినట్టు. వాటి మధ్య చచ్చిన బల్లి. బస్తాల కుట్ల మీద, చేపల మడతల్లో తెల్లటి పొడి. నేను వేలితో ముట్టుకోబోతే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఎప్పుడూ అంత గట్టిగా లాగలేదు.

ఎండుచేపల బేరంలో మా వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. కొనేవాడికి సరుకు మీద అనుమానం వస్తే, బస్తాలో చెయ్యి పెట్టి తనకు నచ్చిన చేపనొకటి తీసి ఇస్తాడు. అమ్మేవాడు దాన్ని నిప్పుల మీద కాల్చి, అతని ఎదుటే తినాలి. తింటే బేరం కుదిరినట్టు. తినకపోతే ఎంత తియ్యగా మాట్లాడినా, ఎన్ని ఒట్లు పెట్టినా బస్తా ఎవరూ ముట్టరు.

నాయనమ్మ ఆ బస్తాలోంచి సావిడాయి ఒకటి గుడ్డతో పట్టుకుని తీసింది. పొయ్యిలో నిప్పులు ఎగదోసి కాల్చింది. కమ్మటి వాసన, ఎప్పటి వాసనే. ఆకులో పెట్టి, చిన్నాన్నను పిలిచి ముందు పెట్టింది.

"తిను."

"కార్తీకం గదమ్మా..."

"నీకెప్పట్నించిరా కార్తీకం? నీ కొంగజపం ఊరోల్లకి సూపించు. ఇది ఇల్లు కాదనుకో, నాను నీ అమ్మను కాదనుకో. కొనడానికొచ్చినాను. తిను."

చిన్నాన్న నేల చూశాడు. పెద్ద మనిషి, మీసాలున్న మనిషి, ఆకులో ఉన్న చేపను చూడలేక గోడ చూశాడు, గుమ్మం చూశాడు.

"సరే. అయితే నానే తింటాను" అని నాయనమ్మ చేప విరిచి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"తినకమ్మా!" అని అరుస్తూ చిన్నాన్న ఆవిడ చెయ్యి మీద కొట్టాడు. చేప ఎగిరి బూడిదలో పడింది.

అమ్మ నన్ను తన వైపు లాక్కుంది. నాయనమ్మ చేతి మీద దెబ్బ ఎర్రగా తేలింది, ఆవిడ దాన్ని చూసుకుంటూ కూర్చుంది.

చిన్నాన్న అంతా చెప్పేశాడు. యుద్ధం అయిపోయి ఊళ్ళో పటాలం క్యాంపు ఎత్తేస్తూ సామాన్లు వదిలించుకుంటున్నప్పుడు లాంతర్లూ కంబళ్ళతో పాటు ఒక డబ్బా తెల్ల పొడి తెచ్చుకున్నాడు. అప్పటికి మాకు పేరు తెలియదు, తర్వాత ఊరూరా ఇళ్ళ గోడలకు కొట్టినప్పుడు అందరికీ తెలిసింది, డి.డి.టి. అని. ఈగలూ దోమలూ చస్తాయి, మనుషులకేమీ కాదని ఇచ్చినవాడు చెప్పాడట. ఛాడఖాయికి ఊళ్ళో ఎవరి దగ్గరా లేనంత మంచి సరుకు మన దగ్గరే ఉంటుందని చల్లేశాడు.

"మనుసులకేటీ కాదంటే నువ్వెందుకురా తినడం మానేసినావు?" అంది నాయనమ్మ.

"బల్లులు రాలిపోతంటే బయమేసినాదమ్మా."

"నువ్వు తినవు. ఊరోల్లు తింటారు."

చిన్నాన్న నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలడం మొదలుపెట్టాడు. ఆ బస్తాల్లోది ఒక్క చేప కూడా ఇంకా బయటికి పోలేదనీ, ఇంట్లో వండింది కూడా వేరే బుట్టలోదేననీ అన్నాడు. డాక్టరుతో ఎలకల మందు తిన్నదని చెప్పమన్నాడు. "ఆడు సర్కారు మనిసి. నిజం సెప్నామంటే సరుకంతా తగలబెట్టించేస్తాడు. తెలుగోల్లు ఇసం అమ్ముతన్నారని ఊరంతా సాటేస్తారు. మన ఈదిలో ఏ కొట్టుకీ మడిసి రాడు. పిల్లి కోసరం ఇంత సేస్తావా?"

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజుల్లో అలాగే అయ్యేది. పొద్దున మా సందులో నిలబడిన జనాన్ని నేను చూశాను కదా. నాయనమ్మ ఏం చేస్తుందో నాకు తెలియలేదు. పిల్లి బుట్టలో కొట్టుకుంటోంది, గోనె చిరుగుతున్న చప్పుడు వస్తోంది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఈవిడ కూడా అబద్ధం చెబుతుందేమోనని నాకు భయం వేసింది. ఆవిడ మీద అలాంటి భయం నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

"ఎలకల మందని సెప్తే ఎలకల మందుకే మందిస్తాడు. అది పోసి నా సేత్తో సంపుకోవాల?" అని లేచింది. పొడి డబ్బా కొంగులో చుట్టి, బుట్ట ఎత్తుకుంది. "సరుకు పోతే పోనీ. రారా, నువ్వు గూడ."

చిన్నాన్న రాలేదు. అమ్మ వచ్చింది.

ఆస్పత్రి అరుగు మీద ఆవుల్ని పట్టుకుని చాలామంది ఉన్నారు, మా వీధి పాలవాడితో సహా. నాయనమ్మ గొంతు తగ్గించలేదు. అందరికీ అర్థమయ్యే ఒడియాలో, "మా ఇంట్లో చేపల మీద మా కొడుకే ఈ పొడి చల్లాడు, పిల్లి అదే తింది. పక్కింటావిడ ఏమీ పెట్టలేదు" అని చెప్పి, డబ్బా డాక్టరు చేతిలో పెట్టింది.

డాక్టరు సబ్బునీళ్ళతో పిల్లి బొచ్చంతా కడిగించాడు. వణుకు తగ్గడానికి మందు కలిపాడు. బతుకుతుందని మాట ఇవ్వలేనన్నాడు. గరిటెతో పొయ్యబోతుంటే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇటియ్యి. నేనే పోస్తాను. పాపమైతే మా ఇంటిదే" అని, దవడ పట్టుకుని బొట్టు బొట్టుగా తనే పోసింది.

పిల్లి బతికింది. చీకటి మూలలో బుట్ట బోర్లించి పెడితే, వణుకు తగ్గి, ఒకనాటికి పాలు నాకింది. నేను ఆ గిన్నె ముందు కూర్చుని గట్టిగా ఏడ్చాను.

చిన్నాన్న మాట నాయనమ్మ నమ్మలేదు. ఇల్లిల్లూ తిరిగి, మా కొట్లో కొన్న చేప ఉంటే పారేయమని చెప్పి వచ్చింది. డాక్టరు చెప్పక ముందే బస్తాలన్నీ ఊరవతలికి తోలించి గొయ్యి తీయించింది. తవ్వింది చిన్నాన్నే. ఛాడఖాయి రోజున ఊరంతా చేపల వాసన వేస్తుంటే మా కొట్టు ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళకి నాయనమ్మ గుమ్మంలో కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పి పంపింది. కొందరు మెచ్చుకున్నారు, చాలామంది మళ్ళీ రాలేదు. రెండేళ్ళకు కొట్టు మూసేశాం. చిన్నాన్న కూడా నాన్న వెంట కలకత్తా మిల్లుకు వెళ్ళిపోయాడు.

ఛాడఖాయి సాయంత్రం నాయనమ్మ నన్ను తీసుకుని మౌసి ఇంటికి వెళ్ళింది. ఈసారి వీధి వైపు నుంచే, అందరూ చూస్తుండగా. "నోరు జారినాను. తప్పయిపోనాది. సెమించు" అంది. మౌసి, "ఊరుకో. పిల్లి బతికింది కదా, అంతే చాలు" అని చాప వేసింది. ఇద్దరూ కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది, అంతా మునుపటిలా అయిపోయిందనుకున్నాను.

మౌసి లోపలికి వెళ్ళి కొబ్బరి, బెల్లం కలిపి చేసిన ఉండ తెచ్చి నాకు ఇవ్వబోయింది. చెయ్యి చాపి, మధ్యలో ఆపింది. ఆ ఉండలోంచి చిన్న ముక్క తుంచి ముందు తన నోట్లో వేసుకుంది. నమిలి, మింగి, అప్పుడు మిగిలింది నా చేతిలో పెట్టింది. ముఖంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నాయనమ్మ తల వంచుకుంది.

ఆ తర్వాత ఎన్నేళ్ళయినా గోడ మీద నుంచి ఏం అందించినా అంతే. "అలగ సెయ్యకు, నీకు దండం పెడతాను" అని నాయనమ్మ ఎన్నోసార్లు బతిమాలింది. "అలవాటైపోయింది, వదలడం లేదు" అని మౌసి నవ్వేసేది. నాయనమ్మ పోయాక కూడా వదల్లేదు. నా పెళ్ళయి, మా పెద్దమ్మాయిని తీసుకుని పుట్టింటికి వచ్చినప్పుడు, చూపు మందగించిన మౌసి తడుముకుంటూ ఒక అరిసె తెచ్చింది. అంచు తుంచి తను తిని, తర్వాత పాప వైపు చాపింది. పాపకు ఏమీ తెలియదు. ఆవిడ మింగేదాకా బుద్ధిగా ఆగి, అప్పుడు రెండు చేతులూ చాచింది.